నీలం తలుపు వెనుక మూడు పిలుపులు

గంగన్న కట్టని దేశం లేదు. పారిస్ గోపురం కట్టాడు, మంచుకొండలు కట్టాడు, ఒకసారైతే ఏనుగులతో సహా ఆఫ్రికా అడవినే నిలబెట్టాడు. కట్టినవన్నీ మళ్ళీ తన చేతులతోనే విప్పి లారీకెక్కించాడు. బహ్రెయిన్‌లో సఖీర్ ఎడారి పక్కన మేళాలు జరిగే పెద్ద పెద్ద హాళ్ళున్నాయి. ఆ మేళాల్లో స్టాళ్ళ కోసం ప్లైవుడ్‌తో ఊళ్ళు చేసే కంపెనీలో అతను కార్పెంటరు. కూటి కోసం కోటి విద్యలంటారు. గంగన్నకు దొరికిన విద్య, లేని ఊరిని ఉన్నట్టు చూపించడం.

అతనిది జగిత్యాల అవతల ఒక పల్లె. అక్కడ అతని పేరు దుబాయి గంగన్న. 'దుబాయి కాదు, బహ్రెయిన్' అని మొదట్లో చెప్పి చూశాడు. ఊరు వినలేదు. సముద్రం దాటితే అంతా దుబాయే వాళ్ళకు. నాలుగుసార్లు చెప్పి ఊరుకున్నాడు. వంకర చెక్కను చూస్తే చేయి ఆగదు గానీ, వంకర మాటను సరిచేయాలంటే మాత్రం గంగన్నకు ఎక్కడలేని బద్ధకం.

ఫొటోల సంగతి కూడా అలాగే ముదిరింది. స్టాల్ కట్టడం పూర్తయిన రోజున దాని ముందు నిలబడి ఒక ఫొటో దిగి తల్లికి పంపడం అతనికి అలవాటు. తల్లి పేరు చిన్నవ్వ. మొగుడు పోయినప్పటి నుంచి బీడీలు చుట్టి ఈ ఒక్క కొడుకునూ పెంచింది. ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, పక్కన గోడకు ఆనించిన ఫోన్లో కొడుకు ఫొటోలు చూసుకునేది. వాడకట్టు జనం తొంగిచూసి, "గంగన్న ఏందే, దేశాలన్నీ తిరుగుతుండు?" అనేవాళ్ళు. ఆ మాట భార్య సరిత ద్వారా అతనికి చేరింది. ప్లైవుడ్ అని చెబితే సరిపోయేది. చెప్పలేదు. తిరుగుతున్నాడనే అనుకోనీ, అవ్వకూ నలుగురిలో ఒక మాట ఉంటుంది కదా అనుకున్నాడు. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా! ఆ నునుపు వెనుక మేకులు కొట్టినవాడికే తెలుసు.

ఈసారి మేళా ప్రయాణాలది. సెలవుల్లో ఏ దేశం పోదామా అని చూసుకునే డబ్బున్నవాళ్ళ కోసం. గంగన్న కంపెనీకి మధ్యధరా సముద్రపు ఒడ్డున ఒక ఊరు కట్టే పని వచ్చింది. సున్నం తెలుపు గోడలు, నీలం తలుపు, మెట్లు మెట్లుగా పైకి పోయే సందు, సందుకు రెండు పక్కలా కాయలతో విరగబడిన నిమ్మచెట్లు. చెట్లు ప్లాస్టిక్‌వి, కాయలూ ప్లాస్టిక్‌వే. ఒక్కొక్క కాయనూ తీగతో కట్టింది గంగన్న. పైన పసుపు రంగు లైట్లు బిగించింది కూడా అతనే. అవి వెలిగితే స్టాల్ అంతా పొద్దుటి ఎండ పరుచుకున్నట్టుంటుంది.

గోడకు ఒక పెద్ద తెర. అందులో ఆ తీరపు సినిమా ఆడుతూ ఉంటుంది, అయిపోగానే మళ్ళీ మొదలు. నీలాల సముద్రం, అలల హోరు, రంగురంగుల పడవలు, బొగ్గుల మీద చేపలు కాల్చే జాలరులు, ఆలివ్ తోటలు, వీధిలోనే బల్లలు వేసుకుని పొద్దుగూకేదాకా తింటూ నవ్వుకునే జనం. చివర్న ఒక ముసలమ్మ. నీలం తలుపు ముందు గడప మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుస్తూ ఉంటుంది. ఎక్కడో గంట మోగుతుంది. ఎవరో పిలిచినట్టు ఆమె తల ఎత్తి చూస్తుంది. అంతే, మళ్ళీ సముద్రం.

గంగన్నతో పాటు పనిచేసే పెయింటరు స్వామి, ఆర్మూరు వైపు మనిషి. నువైద్రాత్ క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది. ఆ సినిమా మొదటిసారి చూసి స్వామి పడీపడీ నవ్వాడు.

"చూడు భాయ్, ఎండల పండెతందుకు పైసలిచ్చి పోతరట! మనకైతే కంపెనీ ముఫ్తుల పండవెడుతది."

స్టాల్ పూర్తయిన రోజున గంగన్న నిమ్మచెట్ల కింద నిలబడి ఫొటో పంపాడు. చిన్నవ్వ ఫోన్ చేసింది.

"మంచిగుందిరా బిడ్డా. మనెండ లెక్క మొఖం మాడ్చే ఎండ గాదది. నన్నొక్కసారి తీస్కపోయి సూపియ్యరాదు?"

"తీస్కపోతనవ్వా," అన్నాడు గంగన్న, అలవాటుగా.

"ఆ నిమ్మకాయలు రాలుతయేమో, జర సూస్కో. గట్టిగున్నయా?"

"గట్టిగనే ఉన్నయవ్వా," అని నవ్వుకున్నాడు. ముసలిది, గాలికి కాయలు రాలి పంట పాడవుతుందనుకుంటోంది కాబోలు, ఏ దేశపు చెట్టయితే ఏమిటి ఆమెకు అనుకున్నాడు. తల్లితో అతను మాట్లాడిన ఆఖరి మాట అదే.

మేళా మొదలయ్యే ముందురోజు సాయంత్రం, వదులైన నిమ్మకాయలను మళ్ళీ బిగిస్తూ నిచ్చెన మీద ఉండగా సరిత ఫోన్ చేసింది. చిన్నవ్వ బీడీలు చుడుతూ చుడుతూ గోడకు ఒరిగిందట. నిద్రపోయిందేమో అనుకున్నారట. సరిత ఏడుస్తూ చెబుతోంది. గంగన్న అంతా విని "సరే" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, చేతిలో ఉన్న కాయకు తీగ చుట్టడం పూర్తి చేశాడు. ఆ తర్వాత ఇంకో కాయ కట్టాడు. కింద నుంచి స్వామి "ఎవరు భాయ్?" అంటే, "అవ్వ సచ్చిపోయిందట," అన్నాడు. ఆ మాట తనది కానట్టు, ఎవరో మోసుకురమ్మంటే మోసుకొచ్చినట్టు ఉంది.

పోవడానికి వీల్లేదు. పాస్‌పోర్టు గడువు ముగుస్తోందని కొత్తదాని కోసం ఎంబసీలో ఇచ్చి ఉన్నాడు, అదింకా రాలేదు. స్వామి ఆ రాత్రే ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఏ దారి పట్టుకున్నా రెండు మూడు రోజులు పడుతుందన్నారు. అక్కడేమో వేసవి. రేపు మధ్యాహ్నంలోపు తీయాలన్నారు పెద్దమనుషులు. కంపెనీని తిట్టడానికి లేదు, వీసా ఇచ్చిన కఫీల్‌ను తిట్టడానికి లేదు. పోనీ ఎవరినైనా తిట్టగలిగితే కొంత తెరిపి ఉండేదేమో. తప్పు ఎవరిదీ కానప్పుడు మనిషికి ఎటూ పాలుపోదు.

తలకొరివి చిన్నాయన కొడుకు దేవన్న పెడతానన్నాడు. కానీ చిన్నవ్వ అక్క, గంగన్నకు పెద్దవ్వ అయిన దుర్గవ్వ ఒక పట్టు పట్టింది. శవాన్ని మోసుకుపోతూ దారి మధ్యలో పాడె దించుతారు. దింపుడు గల్లం అంటారు. ప్రాణం ఎక్కడైనా కొసరు మిగిలి ఉంటే వెనక్కి రావాలని, కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. పిలిచినా లేవకపోతేనే పాడె మళ్ళీ ఎత్తుతారు.

"కొరివి దేవన్న వెట్టనీ, నేనేమనను," అంది దుర్గవ్వ ఫోన్లో. "పిలుపు మాత్రం కన్నోడే పిలువాలె. నా చెల్లె ఇంకెవ్వలి పిలుపుకు పలుకది. ఫోను శెవుల వెడతం. నువ్వు పిలువాలె గంగన్నా."

"పిలుస్త పెద్దవ్వా," అన్నాడు.

అతనికి మిగిలింది ఆ ఒక్కటే. కొరివి లేదు, పాడె మోయడం లేదు, ఆఖరిచూపు లేదు. మూడు పిలుపులు.

మర్నాడు పొద్దున బస్సులో ఎవరో అటుకుల పొట్లం చేతిలో పెడితే తిన్నాడు. తిన్నాక గానీ తిన్నట్టు తెలియలేదు. తల్లి శవం ఇంట్లో ఉండగా తిన్నానే అని తనను తాను అసహ్యించుకుందామనుకున్నాడు. అదీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలును ఎవరో తడుతున్నట్టుంది. తడుతున్నారని తెలుస్తోంది, అంతకుమించి ఏమీ లేదు.

హాల్లో సరిత వీడియో కాల్ వచ్చింది. సిగ్నల్ బాగుంటుందని స్టాల్ ముందుకు వచ్చి ఎత్తాడు. వాకిట్లో అరుగు మీద అవ్వ, మెడలో బంతిపూల దండ. ముఖం చిన్నదైపోయింది. అంతలో ఫోన్ దేవన్న తీసుకున్నాడు.

"అన్నా, ఏడున్నవే? ఎనుక నిమ్మచెట్లు, సముద్రం… షికారుకు వోయినవా?"

గంగన్న వెనక్కి తిరిగి చూశాడు. తెర మీద పడవలు పోతున్నాయి. పసుపు ఎండలో తెల్లగోడలు మెరుస్తున్నాయి. వాకిట్లో జనం ఫోన్ చుట్టూ మూగారు. "అవ్వ సచ్చిందన్నా ఆనికి షికారు వట్టింది," అని వెనక నుంచి ఒక గొంతు. "అట్ల గాదు," అని సరిత ఏదో చెప్పబోయింది, డప్పుల మోతలో వినపడలేదు. చెప్పాల్సింది గంగన్న. ఇది ప్లైవుడ్డు, నేను డ్యూటీలో ఉన్న అనాలి. నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా చెప్పని మాట, ఇప్పుడు చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు! ఫోన్ పట్టుకుని గోడ వెనక్కి, చీకట్లోకి పోయాడు.

ఆ గోడ వెనుక ఒక మనిషి పట్టేంత సందు ఉంది. వైర్లు, రంగు డబ్బాలు, మడత నిచ్చెన అక్కడే. ముందునుంచి చూస్తే మధ్యధరా తీరం, వెనకనుంచి చూస్తే కలప దుకాణం.

లాస్య తల లోపలికి పెట్టింది. విజయవాడ అమ్మాయి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని కంపెనీ ఆఫీసులో డిజైనరు. ఈ ఊరి బొమ్మ గీసింది ఆమే. పాపం మంచి పిల్లే. ఆ పొద్దున మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు.

"గంగన్నా, గెస్టులు వచ్చేస్తున్నారు. ఆ నీలం తలుపు రంగు తడికి పట్టేస్తోందండీ. మీరిక్కడే ఉండండి, పట్టేస్తే వెనకనుంచి తీద్దురుగాని. కానీ చప్పుడు మాత్రం అస్సలు రాకూడదు. పెద్దవాళ్ళు వస్తున్నారు, సరేనా?"

"సరే మేడం," అన్నాడు.

చెప్పి ఉంటే ఆమె ఏమనేదో తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం చెప్పాలని తోచలేదు. మాటలన్నీ ఎక్కడో అడుగున పడి ఉన్నాయి, వంగి తీసుకునే ఓపిక లేదు.

స్వామికి మాత్రం పరిస్థితి అర్థమైంది. సందులోకి దూరి, "యాళ్ళయిందా?" అన్నాడు.

"పాడె లేసింది."

"ఎట్ల పిలుస్తవ్ భాయ్? ఇగో, ఇంత పల్చటి చెక్క. నువ్వు దగ్గినా బయటికినవడుతది."

స్వామి గడ్డం గోక్కున్నాడు. "నువ్వు పిలువు. నేను సినిమా ఆవాజ్ పెంచుత. సముద్రం మోతల ఎవ్వలికి సమజ్ గాదు." అని బయటికి పోయాడు.

ఫోన్లో దారి ఊగుతోంది. డప్పులు, దుమ్ము, సరిత పాదాలు, ఎవరిదో చెప్పు. దేవన్న చేతిలో నిప్పుకుండ. పత్తి చేన్ల మలుపు దగ్గర డప్పులు ఆగాయి. పాడె దించారు.

గోడ అవతల లాస్య గొంతు దగ్గరవుతోంది. అతిథులను తీసుకొస్తోంది. అదే సమయానికి స్వామి ఆవాజ్ పెంచాడు. గోడంతా అదిరేలా అలలు.

"ఇంటున్నవా?" సరిత గొంతు. "శెవు కాడ వెట్టిన. పిలువు."

ఫోన్ తెర మీద పసుపు రంగు తప్ప ఏమీ కనిపించడం లేదు. అవ్వ చెంపకు పూసిన పసుపు అది. గంగన్న నోరు తెరిచాడు. గొంతు రాలేదు. గాలి కూడా రాలేదు. ఫోన్‌లోంచి అవ్వ చెవిలోకి పోతున్నది సముద్రం ఒక్కటే. ఆమె ఎన్నడూ చూడని సముద్రం, పడవలు, చేపలు కాల్చేవాళ్ళ నవ్వులు.

"పిలువుమంటున్న గదా! అందరు నిలవడ్డరు. ఎండ మండుతుంది." సరిత ఏడుస్తోంది. వెనక నుంచి దేవన్న, "పోనీ వదినా, నేను పిలుస్త," అంటున్నాడు. "నువ్వు జరుగు!" అని దుర్గవ్వ కసిరింది. "ఆడే పిలుస్తడు. బిడ్డా, నీ అవ్వ ఇంటది. పిలువు."

గోడకు అటు, చేయి చాపితే తగిలేంత దగ్గర్లో, ఇక్కడి ఎండ మనుషుల్ని కాల్చదని, ఇక్కడికి వచ్చినవాళ్ళు కాలాన్ని మరిచిపోతారని లాస్య ఇంగ్లీషులో చెబుతోంది. చప్పుడు రాకూడదు. గంగన్న కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, గడప అవతల నుంచే ఆకలని అరిచేవాడు. ఆ అరుపు ఎక్కడ దాక్కుందో, ఇప్పుడు పొట్టలోంచి లేచి వచ్చింది.

"అవ్వా!"

అలల మోతను చీల్చుకుంటూ పోయింది. గోడ అవతల లాస్య మాట ఆగిపోయింది.

"అవ్వా!"

సందులో రంగు డబ్బా దొర్లింది.

"ఓ అవ్వా!"

సినిమాలో గంట మోగింది. చూడకుండానే గంగన్నకు తెలుసు, నీలం తలుపు ముందు ఆ ముసలమ్మ ఇప్పుడు తల ఎత్తి ఉంటుంది.

ఫోన్లో చాలాసేపు ఏ మాటా లేదు. ఆ తర్వాత సరిత మెల్లగా, "లేస్తలేదు," అంది. "ఎత్తుతుండ్రు."

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. గంగన్న ఫోన్ ఆపేశాడు. గోడ అవతల ఒక అతిథి ఆ అరుపు ఏమిటని అడిగాడు. లాస్య ఒక్క క్షణం తడబడి, "ఎవరో వాళ్ళమ్మను పిలుస్తున్నారండీ, ఆ ఊళ్ళో అంతే," అని ఇంగ్లీషులో సర్ది చెప్పింది. అతిథి ముచ్చటపడ్డాడు. నిజంగా ఆ ఊళ్ళో ఉన్నట్టే ఉందన్నాడు. ఆ మాట విని గంగన్నకు కోపమూ రాలేదు, నవ్వూ రాలేదు. అంతలో నీలం తలుపు కిర్రుమని పట్టేసింది. అతను నడుముకున్న సుత్తి తీసి, గుడ్డ చుట్టి, పైబందు దగ్గర ఒక్క దెబ్బ వేశాడు. తలుపు తెరుచుకుంది. చప్పట్లు కొట్టారు.

అతిథులు పోయాక లాస్య సందులోకి వచ్చింది. స్వామి చెప్పేసినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ముందే చెప్పొచ్చు కదా గంగన్నా! వాళ్ళను అటు తిప్పి తీసుకెళ్ళేదాన్ని కదండీ. నేనేమన్నా మనిషిని కానా?"

"తోచలేదు మేడం," అన్నాడు. నిజం అదే. ఆమె అతన్ని ఆ రోజుకు పని మానేసి క్యాంపుకు పొమ్మంది. క్యాంపులో ఏముంది, గోడలు! హాలు వెనుక సామాను దించే అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా ఎడారి. ఎండ నిలువునా కాస్తోంది. ముఖం మాడ్చే ఎండ.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. అక్కడ అందరూ స్నానాలు చేసి ఇళ్ళకు చేరారట. దుర్గవ్వ మాట్లాడింది.

"మంచిగ పిలిసినవు బిడ్డా. ఊరంత ఇన్నది."

గంగన్న ఊఁ అన్నాడు. తర్వాత, ఎందుకో తెలియదు, ఇన్నేళ్ళ బద్ధకం ఒక్కసారిగా వదిలింది.

"పెద్దవ్వా, నేను షికారుకు వోలేదు. అది దేశం గాదు, చెక్క. ఇన్నేండ్లు నేను పంపిన ఫొటోలన్ని చెక్కనే. నేనే కట్టిన. నేనేడికీ పోలే. అవ్వకు చెప్పలే."

దుర్గవ్వ గొంతులో ఏడుపు, విసుగు రెండూ ఉన్నాయి.

"అవ్వకు నువ్వు చెప్పాల్నారా? ప్రతి ఫొటోల నీ నడుముకు సుత్తి ఉంటది గాదా. షికారుకు వోయెటోడు సుత్తి గట్టుకొని పోతడా? మొదటి దినమే వట్టింది నా చెల్లె. వాడకట్టోళ్ళు తిరుగుతుండంటే కానీయన్నది. నాతోని మాత్రం, అక్కా, నా కొడుకు ఎంత మంచిగ గట్టిండో సూడు అని, ఫొటో పెద్దగ జేసి గోడలు సూపిచ్చేది. నిమ్మకాయలు రాలితే ఆని కూలి కోస్తరేమోనని ఒకటే రంధి. నీతోని అన్నదట గద, గట్టిగున్నయా అని?"

"అన్నది పెద్దవ్వా."

"తీస్కపోయి సూపియ్యమన్నది సముద్రం గాదురా. నీ చెక్క పని."

స్వామి చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. గంగన్న నడుము దగ్గర చేయి పెట్టి తడుముకున్నాడు. సుత్తి ఉంది. అప్పుడు, ఆ ఎండలో, అరుగు మీద, నిన్నటి నుంచి రానిది వచ్చింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, పెద్దవ్వ వింటుండగానే, గొంతెత్తి ఏడ్చాడు.